ఆ పెండ్లికి పెద్దమనుషులెవరు?

(నడిగూడెం సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలో కుర్చీలు ఖాళీగున్నయి, వచ్చి కూచోండ్రి. ఇక్కడ మంత్రులెవ్వరూ లేరు, భయపడాల్సిన పని లేదు.

మమ్ముల్ని మాట్లాడమన్న విషయం ఒక్కటే. తెలంగాణ, ఆంధ్ర కలిసినప్పుడు దాన్ని పెండ్లి అన్నరు. విడిపోతమన్నప్పుడు విడాకులన్నరు. విడాకులిస్తే అంతర్యుద్ధమే వస్తదని కొందరు బెదిరించిండ్రు. ఈ మూడు మాటలు యాభై ఏండ్లకు పైగా మన చెవుల్లో మోగినయి. రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది గనుక ఇప్పుడన్నా నిమ్మళంగ కూచోని ఆ పోలిక నిజమెంతో, అబద్ధమెంతో తేల్చుకుందాం.

ఈ పోలిక మనం పుట్టించింది గాదు. 1956 మార్చిలో నిజామాబాద్ సభలో ప్రధాని నెహ్రూ ఆంధ్ర తెలంగాణల కలయికను పెండ్లితోటి పోల్చిండు. సరిపడకుంటే విడిపోవచ్చన్న మాట కూడా అందులనే ఉన్నది. అమాయకపు పిల్లను గడుసు పిల్లగానికి ఇచ్చి చేస్తున్నమన్నట్టుగ ఆ మాట మన ఊర్లల్ల నిలిచిపోయింది. ఉద్యమకాలంలో ఈ మాట చెప్పని వేదిక లేదు, పాడని కళాకారుడు లేడు. మేం కూడా చెప్పినం. చప్పట్లు బాగ పడేవి.

అయితే నడిగూడెంలో నిలబడి ఈ మాట చెప్పేటప్పుడు మాకు ఎప్పుడూ ఒక చిక్కు వచ్చేది. తెలంగాణ పిల్ల, ఆంధ్ర పిల్లగాడు అంటరు సరే, మునగాల పరగణా ఎవరు? పిల్ల తరఫా, పిల్లగాని తరఫా?

పెద్దలకు తెలిసిందే గాని పిల్లల కోసం చెప్తున్నం. మన పరగణా నిజాం రాజ్యంలది గాదు. చుట్టూరా నిజాం ఇలాకా, నడుమ దీవి లెక్క మనం. జమీందారీ మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లా కింద. పక్క ఊర్ల కాగితాలు ఉర్దూల నడిస్తే మన కాగితాలు తెలుగులో, ఇంగ్లీషులో నడిచినయి. జమీందారు కోట ఈ నడిగూడెంలనే ఉన్నది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు మనం ఆ రాష్ట్రంలో ఉన్నం. 1956 నవంబర్ 1న రెండూ కలిసినయి. ఆ తర్వాత 1950ల చివర్లో మనల్ని తీసుకొచ్చి నల్లగొండ జిల్లాలో కలిపిండ్రు. అంటే పెండ్లినాటికి మనం పిల్లగాని వైపు చుట్టాలం, ఇల్లు మాత్రం పిల్ల వాకిట్ల. పెండ్లయినంక పిల్ల పేరు మీద రాసిండ్రు.

అందుకే 1956కు ముందున్న తెలంగాణ కావాలె అని ఉద్యమంలో ఎవరన్న నినాదమిస్తే మా గుండె జల్లుమనేది. ఆ గీత గీస్తే మనం అవతల పడతం! మేం కూడా జై తెలంగాణ అన్నోళ్లమే. రాస్తారోకోలో కూచున్నోళ్లమే. మా నినాదమే మమ్ముల్ని తోసేసే లెక్కున్నది. పది జిల్లాల తెలంగాణ అనంగనే ఊపిరి పీల్చుకునేది. చివరికి 2014 చట్టం పది జిల్లాలనే పట్టుకున్నది, మనం నిలిచినం. కాని మన తీరుగనే తర్వాత ఖమ్మంలో కలిసిన భద్రాచలం వైపు ఊర్లకు ఆ అదృష్టం లేకపాయె. పోలవరం ముంపు పేరు మీద ఏడు మండలాల ఊర్లను 2014 మే నెలాఖరున ఆర్డినెన్సు తెచ్చి ఆంధ్రకు రాసిచ్చిండ్రు. అక్కడి కోయలను ఒక్కమాట అడిగినోళ్లు లేరు. విడాకులప్పుడు పిల్లలను అడగకుండ పంచుకున్నట్టు పంచుకున్నరు. ఏడు మండలాల మాట మన పత్రికల్లో ఆ ఏడాది మోగి, తర్వాత మెల్లమెల్లగ మూలకు పడ్డది. ఇది మనం సిగ్గుపడాల్సిన సంగతే.

అమాయకురాలని ఎవరన్నరు?

ఆ పోలికలో మాకు నచ్చని మొదటి మాట 'అమాయకురాలు'. ఉద్యమంలో ఆ మాట మనకు పనికొచ్చింది, మోసపోయినమని చెప్పుకోడానికి ఆసరా అయింది. కాని 1956 నాటి తెలంగాణ అమాయకురాలు ఎట్లయితది?

1946 నుంచి 1951 దాకా నిజాం మీద, దొరల మీద, రజాకార్ల మీద, ఆఖరికి యూనియన్ సైన్యాల మీద కొట్లాడిన నేల ఇది. చిట్యాల ఐలమ్మ తన పంటను తన ఇంటికే తెచ్చుకున్న నేల. మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి తుపాకి పట్టిన నేల. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి పడ్డ ఓట్లు దేశంలో నెహ్రూకు పడ్డ ఓట్ల కంటే ఎక్కువ. ఆ నాలుగేండ్లకే వచ్చి ఈ పిల్ల అమాయకురాలంటే ఎట్ల? 1952లనే ముల్కీ ఉద్యమంలో హైదరాబాద్ పిల్లలు సిటీ కాలేజీ దగ్గర తుపాకి గుండ్లకు ఎదురు నిలిచిండ్రు. పిల్లకు అన్నీ తెలుసు. పిల్ల వద్దన్నది కూడా. ఆ వద్దన్న మాటను ఎవరూ లెక్కపెట్టలేదు. అమాయకత్వం వేరు, మాట చెల్లకపోవుడు వేరు. మన ఇండ్లల్ల ఆడపిల్లకు జరిగేది రెండోది. పేరు మాత్రం మొదటిది పెడతరు.

నడిగూడెంలో ఉండి ఒక పేరు చెప్పకపోతే తప్పయితది. మునగాల సంస్థాన దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారి గురించి మనకు ఎంతో కొంత తెలుసు. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుట్ల ఆయన, మన రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు ముందున్నరు. ఆయన అక్క భండారు అచ్చమాంబ గురించి మాత్రం పరగణాలనే చాలామందికి తెల్వదు. నల్లగొండ జిల్లా దేవరకొండలో ఆమె చిన్నతనం కొంత గడిచింది. బడికి పోకుండనే చదువు నేర్చుకున్నది. అబలా సచ్చరిత్ర రత్నమాల రాసింది, కథలు రాసింది, 1905లో చిన్న వయసులనే పోయింది. ఆడవాళ్లు అబలలు, బుద్ధిలేనివాళ్లు అనే మాట తప్పని చూపించడానికే ఆమె ఆ చరిత్రలు కూర్చింది. ఆంధ్ర తెలంగాణలంటూ ఈ పోలిక చెప్పిన పెద్దలెవ్వరూ ఆ పుస్తకం చదివినట్టు లేదు.

ఎనిమిది మంది మగవాళ్లు

ఇప్పుడు పెద్దమనుషుల సంగతి. మన ఊర్లల్ల సంబంధం కుదిరేటప్పుడు నలుగురు పెద్దమనుషులు కూచుంటరు. కట్నం ఎంత, పొలం ఎంత, బంగారం ఎంత, రేపు తేడా వస్తే ఎవరు జవాబుదారీ, ఇదంతా మాట్లాడుకుంటరు. పిల్ల లోపలింట్ల ఉంటది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో సరిగ్గ ఇదే జరిగింది. పేరు కూడా పెద్దమనుషుల ఒప్పందమే. ఆంధ్ర వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ఎనిమిది మంది. ఒక్క ఆడమనిషి లేదు.

అంతకు ఐదు నెలల ముందే ఫజల్ అలీ కమిషన్ నివేదిక ఇచ్చింది. 1955 సెప్టెంబర్‌లో. హైదరాబాద్ రాష్ట్రాన్ని కొంతకాలం వేరుగ ఉంచండి, 1961 సుమారులో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే అప్పుడు కలపండి అన్నది. అంటే పిల్లకు ఈడు రానియ్యండి, అప్పుడు అడిగి చెయ్యండి అన్నట్టు. దాన్ని పక్కకు పెట్టి ముహూర్తం పెట్టిండ్రు.

ఒప్పందంలో మంచి మాటలే ఉన్నయి. ముఖ్యమంత్రి ఒక వైపు వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండో వైపు వాడు కావాలె. తెలంగాణ మిగులు తెలంగాణలనే ఖర్చు పెట్టాలె. పన్నెండేండ్ల స్థానికత ఉండాలె. ప్రాంతీయ మండలి ఉండాలె. సంతకాల తడి ఆరకముందే సంజీవరెడ్డి మొదటి ముఖ్యమంత్రి అయిండు, ఉప ముఖ్యమంత్రి పదవి ఆరో వేలని అన్నట్టు ప్రసిద్ధి. ఒప్పందం మీద సంతకం పెట్టిన చెయ్యే ఆరో వేలని కొట్టేసింది.

పల్లె పంచాయితీల్లో మేం చూసిన సంగతి ఒకటి చెప్తం. పెద్దమనిషికి పంచాయితీ ఇష్టం, తీర్పు ఇష్టం, మధ్యాహ్నం భోజనం ఇంకా ఇష్టం. ఆర్నెల్లు పోయినంక ఆడపిల్ల వచ్చి మీరు చెప్పిన మాట వాళ్లు తప్పిండ్రు అంటే ఆ పెద్దమనిషి ఊర్లో దొరకడు. దొరికినా సర్దుకపో బిడ్డా అంటడు. తెలంగాణ కథలో జమానతు పడ్డ పెద్దమనుషులు ఎక్కడికి పోయిండ్రు? కొందరు మంత్రులయిండ్రు. 1969లో చెన్నారెడ్డి ఉద్యమానికి ముందు నడిచిండు, 1971 ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 సీట్లలో 10 గెలిచింది, తర్వాత ఆ పార్టీ కాంగ్రెసుల కలిసింది. అంతే సంగతి. 1969లో కాల్పుల్లో పోయినోళ్ల లెక్క 369 అని ఉద్యమం చెప్పుకున్నది. పెద్దమనుషులు ఒక్కరు కూడా ఆ లెక్కలో లేరు.

ఇల్లరికం, స్త్రీధనం

పోలికను ఇంకొంచెం నడిపిద్దాం, ఎక్కడ దాకా నడుస్తదో చూద్దాం. పెండ్లయితే పిల్ల అత్తగారింటికి పోవాలె. ఇక్కడ పిల్ల ఎక్కడికీ పోలేదు. పిల్లగాడే వచ్చిండు. ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలులో ఆఫీసులు గుడారాల కింద నడిచినయి. ఇక్కడేమో అసెంబ్లీ, హైకోర్టు, ఉస్మానియా యూనివర్సిటీ, ఉస్మానియా దవాఖాన, రైళ్లు, బస్సులు అన్నీ కట్టి ఉన్నయి. ఇది ఇల్లరికపు పెండ్లి. ఇల్లరికం వచ్చిన అల్లుడు కొంచెం వంగి ఉంటడు మన దిక్కు. ఈ అల్లుడు వచ్చిన రోజే తాళాల గుత్తి అడిగిండు. కొన్నేండ్లకు ఈ ఇల్లు నేనే కట్టిన అన్నడు. ఉద్యమంలో మనకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించిన మాట అదే గదా.

మిగులు నిధుల లెక్క కూడా అట్లనే. అది స్త్రీధనం. 1956లనే హిందూ వారసత్వ చట్టం ఆడదాని ఆస్తి మీద ఆడదానికే పూర్తి హక్కన్నది. అదే ఏడాది తెలంగాణ తన సొమ్మును ఉమ్మడి సందుగలో పెట్టింది. 1969లో ఉద్యమం లేస్తే గాని ఆ సందుగ తెరవలేదు. కుమార్ లలిత్ కమిటీ ఒక లెక్క చెప్పింది, భార్గవ కమిటీ ఇంకో లెక్క చెప్పింది. లెక్కలు వేరైనా తెలంగాణ సొమ్ము కోట్ల రూపాయలు అటు పోయిందనే మాట రెండిట్లనూ ఉన్నది. ఉద్యోగాల కథ 1985 డిసెంబర్ 30 నాటి 610 జీవో దాకా, ఆ తర్వాత కూడా అట్లనే నడిచింది. తప్పుగ చేరినోళ్లను మూడు నెలల్లో వెనక్కి పంపుతమన్న జీవో అది. రాష్ట్రం వచ్చేదాకా పంపుడు తెగలేదు. దీని మీద ఈ సభలో ఎవరికీ మేం కొత్తగ చెప్పాల్సింది లేదు.

కాని ఒక న్యాయం కూడా చెప్పాలె. కాపురం మాకొద్దని మొగుడు కూడా అన్నడు. 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతయన్నది. వెంటనే కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయింది, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. అక్కడ కూడా పోలీసు కాల్పుల్లో పిల్లలు సచ్చిపోయిండ్రు. వాళ్ల తల్లులు కూడా ఏడ్చిండ్రు. నాలుగేండ్ల తేడాతో ఇద్దరూ మాకొద్దన్న కాపురాన్ని ఢిల్లీ ఆరు సూత్రాల తాడుతోటి కట్టి ఇంకో నలభై ఏండ్లు నిలబెట్టింది. సమైక్యత అంటే తెలుగుజాతి గుండె చప్పుడని తర్వాత చెప్పినోళ్లు ఈ జై ఆంధ్ర సంవత్సరాన్ని ఎందుకో మర్చిపోయేది.

విడాకుల కాగితం ఎవరి చేతిలో ఉన్నది?

నెహ్రూ విడాకుల మాట ఊరికె అనలేదు. 1955లోనే హిందూ వివాహ చట్టం వచ్చింది. పార్లమెంటులో ఏండ్ల తరబడి సనాతనులతోటి కొట్లాడి తెచ్చిన చట్టం. హిందూ స్త్రీకి దేశమంతటా విడాకులు అడిగే హక్కు దాంతోనే వచ్చింది. ఆ వేడి మీద ఆయన నోట్లె ఆ మాట వచ్చి ఉంటదని మేం అనుకుంటం. అయితే ఆ చట్టంలో ఇద్దరూ ఒప్పుకొని విడిపోయే దారి 1976 సవరణ దాకా లేకుండె. అంతకు ముందు ఎవరిదో ఒకరిది తప్పని కోర్టుల రుజువు చెయ్యాలె. మన కథ కూడా అంతే నడిచింది. యాభై ఏండ్లు మనం తప్పు రుజువు చేసుడే పని. గిర్‌గ్లానీ కమిషన్, శ్రీకృష్ణ కమిటీ, లెక్కలు, పట్టికలు, నీళ్లెన్ని, కొలువులెన్ని. కలిసి ఉండడం ఇష్టం లేదు అన్న ఒక్క మాట చాలదన్నరు.

ఇంకో సంగతి మన వాళ్లలో చాలామంది గమనించలేదు. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం కొత్త రాష్ట్రం చేసే అధికారం పార్లమెంటుది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడుగుతరు, ఒప్పుకోలు అక్కర లేదు. అంటే పిల్లకు విడాకుల హక్కు ఉన్నదన్న మాట ఉత్త మాటే. పిల్ల చేతిల లేదు, పిల్లగాని చేతిల లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ మూజువాణి ఓటుతోటి బిల్లు వద్దన్నది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ పాస్ చేసినయి. ఈ అధికరణం ఆనాడు మనకు అక్కరకొచ్చింది, సంతోషం. అదే అధికరణం దారి చూపిస్తనే ఏడు మండలాలు కూడా పోయినయి. కత్తి ఒకటే.

అంతర్యుద్ధం రాలేదు గాని

రాష్ట్రమిస్తే దేశం ముక్కలైతది, అంతర్యుద్ధం వస్తది అన్నోళ్లకు ఇష్టమైన పేరు అబ్రహాం లింకన్. ఆయన 1861 మార్చి 4న మొదటిసారి అధ్యక్షుడయిన రోజు చేసిన ప్రసంగంలో ఈ పెండ్లి పోలికే తెచ్చిండు. మొగుడు పెండ్లాలు విడాకులు తీసుకొని ఒకరికొకరు కనపడనంత దూరం పోవచ్చు, దేశంలో భాగాలు అట్ల పోలేవు, మొఖాలు చూసుకుంటనే ఉండాలె అని దాని సారం. ఐదు వారాల తర్వాత యుద్ధం మొదలయింది. నాలుగేండ్లలో ఆరు లక్షల మందికి పైగా సచ్చిపోయిండ్రు.

ఈ మాటను మన మీద వాడుట్ల రెండు మోసాలున్నయి. అక్కడి దక్షిణాది రాష్ట్రాలు విడిపోతమన్నది నల్లమనుషులను బానిసలుగ ఉంచుకునే హక్కు కోసం. విడిపోతమన్నోడల్లా బాధితుడు గాడు, దేనికోసం విడిపోతున్నడో చూడాలె. రెండోది, మనం దేశంలకెళ్లి పోతమనలేదు. ఒకే ఇంట్ల వేరే పొయ్యి పెట్టుకుంటమన్నం. అన్నదమ్ములు వేరు పడ్డట్టు. దాన్ని దేశద్రోహం చేసిండ్రు.

ప్రపంచంలో మంచిగ విడిపోయినోళ్లు కూడా ఉన్నరు. 1993 జనవరి 1న చెకోస్లొవేకియా రెండు దేశాలయింది, ఒక్క తుపాకి పేలలేదు. జనాభా లెక్కన రెండింటికి ఒకటి చొప్పున ఆస్తులు పంచుకున్నరు. విడిపోయినా గోస పడ్డోళ్లున్నరు. దక్షిణ సూడాన్ 2011 జులైలో వేరయింది, రెండున్నరేండ్లు తిరిగే లోపల తనలో తనే కొట్లాడుకొని కాలిపోయింది. విడిపోవుడుతోటే అంతా సల్లబడదని ఆ దేశం గురించి మనం చదవాలె.

మన దగ్గర యుద్ధం రాలేదు. కాని సావులు వచ్చినయి. ఇక్కడనే పెండ్లి పోలిక నిజంగ మన గుండెకు తగులుతది. కాపురం చెడ్డ ఇంట్ల యుద్ధం ఎట్లుంటది? ఇద్దరు సమానులు కొట్టుకోరు. ఆమె తన మీదనే తాను గాసునూనె పోసుకుంటది. 1983లో 498ఏ సెక్షన్ తెచ్చింది అటువంటి సావులు చూసే. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్‌ల శ్రీకాంతాచారి ఒంటి మీద నిప్పు పెట్టుకున్నడు. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా పిలగాడు. డిసెంబర్ 3న పోయిండు. డిసెంబర్ 9 రాత్రి ప్రకటన, 23న వెనక్కి తీసుకునుడు, ఆ తర్వాత ఒక పిలగాని వెనక ఒక పిలగాడు. ఎదుటోని మీద చెయ్యెత్తని ఉద్యమం తన పిల్లలను తానే పోగొట్టుకున్నది. మేం ఆ రోజుల్లో శవయాత్రల్లో నడిచినం. అమరులని రాసినం, పాడినం. ఇప్పుడు ఒక మాట గట్టిగ చెప్తున్నం. ఆ పిల్లలు బతికి ఉండాల్సినోళ్లు. వాళ్ల సావును పొగడకుండ వాళ్ల ఇండ్లల్ల వాళ్ల తల్లులు ఎట్లున్నరో అడిగే పని చేస్తే బాగుంటది. స్తూపాలకు రంగులేసుడు తేలిక.

నిజం మొగుడు పెండ్లాలు

ఇగ పోలిక పక్కకు పెట్టి అసలు మొగుడు పెండ్లాల సంగతి చూద్దాం. మన పరగణాలో ఏ వాడకైనా పోండ్రి. కోడలు జగ్గయ్యపేట దిక్కు పిల్ల, బిడ్డను నందిగామ దిక్కు ఇచ్చిండ్రు, మేనత్త మధిరల ఉన్నది. మా మాటల 'వచ్చారు' ఉన్నది, 'వచ్చిండ్రు' ఉన్నది. 2011 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో 42 రోజులు సకల జనుల సమ్మె జరుగుతుంటే జీతం లేక ఇంట్ల కూచున్న అల్లుడు, ఫోన్లో మీ సమ్మె ఎప్పుడు అయిపోతదయ్యా అని అడిగే ఆంధ్ర మామ, నడుమ ఆ బిడ్డ. ఆ బిడ్డ ఎటు మాట్లాడాలె? ఎటూ మాట్లాడలేదు, అన్నం వడ్డించింది. రాష్ట్రాలు విడిపోయినా ఆ కాపురాలు ఒక్కటి కూడా దానివల్ల చెడిపోలేదు. అంతర్యుద్ధం కథ అల్లినోళ్లు మా వాడకట్టుకు వచ్చి ఉంటే తెలిసేది.

కాపురాలు చెడగొట్టింది వేరే. విభజన కాగితాలు. 2015 జూన్‌ల కరెంటు సంస్థలు 1,157 మందిని మీరు ఆంధ్రోళ్లని రిలీవ్ చేసినయి. అటు సంస్థలు తీసుకోమన్నయి. రెండు ఇండ్ల గడపల నడుమ నిలబడ్డరు. సుప్రీంకోర్టు 2018లో జస్టిస్ ధర్మాధికారిని పెడితే గాని అది తెగలేదు. వాళ్లు మన శత్రువులని ఉద్యమంలో మనం ఎన్నడూ అనలేదు, వాళ్లు నెల జీతగాళ్లు.

సరే, అది ఆంధ్రోళ్ల సంగతి అంటరా? మన రాష్ట్రంలనే, మన ప్రభుత్వమే 2021 డిసెంబర్‌లో 317 జీవో తెచ్చి ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచింది. భార్య ఒక జిల్లా, భర్త ఒక జిల్లా. అట్ల పడ్డ జంటలను ఒక్కచోటికి చేరుస్తమని మళ్లీ 13 జిల్లాల్లో ఆ బదిలీలు ఆపిండ్రు. టీచర్లు చంటిపిల్లలను ఎత్తుకొని హైదరాబాద్‌ల రోడ్డు మీద కూచున్నరు, పోలీసులు వ్యాన్లల్ల ఎక్కించిండ్రు. తెలంగాణకు విడాకులు ఇప్పించమని కొట్లాడిన టీచర్లే వాళ్లు. మా మొగుని దగ్గరికి మమ్ముల్ని పంపండ్రి అని సొంత రాష్ట్రంలో దండం పెట్టాల్సి వచ్చింది. సకల జనుల సమ్మెలో ఈ టీచర్ల భుజాల మీద ఎక్కి పోయినోళ్లే ఆనాడు కుర్చీలల్ల ఉన్నరు.

కాలువ

చివరికి నీళ్లు. లింకన్ చెప్పిన దాంట్లె ఒక ముక్క మాత్రం మనకు పట్టుకున్నది. మొగుడు పెండ్లాలు దూరం పోవచ్చు, రాష్ట్రాలు పోలేవు. హైదరాబాద్ పదేండ్లు ఉమ్మడి రాజధాని అన్నరు, వాళ్ల సచివాలయం 2016లనే వెలగపూడికి పోయింది, 2024 జూన్ 2తోటి ఆ ముచ్చట ఒడిసింది. అప్పులు, ఆస్తులు 58.32, 41.68 లెక్కన పంచుకోవాలె, అందులో తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు సంస్థల కాడ ఏండ్ల తరబడి కొర్రీలు నడిచినయి. ఇవన్నీ ఎప్పుడో ఒకప్పుడు తెగుతయి. కృష్ణానది మాత్రం నడి వాకిట్ల పారుతనే ఉంటది.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూనే రాయి వేసిండు. పెండ్లికి ముందే బావి తవ్వినట్టు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లొచ్చినయి. ఎడమ కాలువ మన జిల్లాల పారి, మన మండలం దాటి, ఖమ్మం పోయి, అక్కడి నుంచి కృష్ణా జిల్లాలకు పోతది. ఉమ్మడి రాష్ట్రపు 811 టీఎంసీల్లో తెలంగాణకు 299, ఆంధ్రకు 512 అని 2015లో తాత్కాలికంగ ఒప్పుకొన్నరు. ఆ తాత్కాలికమే ఏండ్లకేండ్లు నడిచింది. నదీ పరీవాహకంలో ఎక్కువ భాగం మాది గనుక మా వాటా పెరగాలని తెలంగాణ వాదిస్తున్నది, అది న్యాయమైన వాదన అని మేం నమ్ముతున్నం. 2023 అక్టోబర్‌ల కేంద్రం ఆ పంచాయితీని బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పజెప్పింది.

ఆ మరుసటి నెలనే ఏమయింది? 2023 నవంబర్ 29 అర్ధరాత్రి దాటినంక, తెల్లారితే తెలంగాణల పోలింగ్ అనంగ, ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యాం మీదికి వచ్చిండ్రు. 26 గేట్లల్ల సగం మాది అని ముళ్లకంచె వేసిండ్రు, కుడి కాలువకు నీళ్లిడిచిండ్రు. ఇటు నుంచి మన పోలీసులు పోయిండ్రు. రెండు రాష్ట్రాల ఖాకీలు ఒకే డ్యాం మీద ఎదురెదురుగ నిలబడ్డయి. అంతర్యుద్ధం అనే మాటకు మన దగ్గర అన్నిటికంటే దగ్గరగ వచ్చిన రాత్రి అదే. కేంద్రం సీఆర్పీఎఫ్‌ను దించింది. అక్కడ ఎవరన్న ఒక్కడు తొందరపడి ఉంటే దాని దెబ్బ ముందుగ తగిలేది ఈ నదికి అటూ ఇటూ ఉన్న మనలాంటి ఊర్లకే.

మళ్లీ ఏడాది తిరక్కముందే, 2024 సెప్టెంబర్ 1న, మన మండలంలనే కాగిత రామచంద్రాపురం కాడ ఎడమ కాలువకు గండి పడ్డది. పొలాలు ఇసుక మేటలయినయి. కోదాడ మునిగింది. అదే వానకు బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ఇటు మునిగినోళ్లు అటు చుట్టాలకు ఫోన్ చేస్తే వాళ్ల ఇంట్ల కూడా నడుముల లోతు నీళ్లు. గండి పడ్డ కాడి నుంచి కింద ఖమ్మం రైతుకు, ఆ కింద ఆంధ్ర రైతుకు అందరికీ ఒక్కసారే నీళ్లు ఆగినయి.

అందుకని ఈ సభ నుంచి మేం మూడు సంగతులు అడుగుతున్నం. ట్రిబ్యునల్ ముందర తెలంగాణ ఏం వాదిస్తున్నదో ఎడమ కాలువ రైతులకు తెలుగులో కాగితం మీద ఇయ్యాలె. ఈ కాలువ గట్టు మరమ్మతుకు ఎంత సొమ్ము వచ్చిందో, ఎక్కడ ఖర్చయిందో మన మండల కచేరి గోడ మీద అంటించాలె. రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కూచునే మాటముచ్చటలో చివరి ఆయకట్టు రైతులు, వాళ్లల్ల ఆడవాళ్లు సగం, కూచోవాలె. ఈసారి పిల్లను లోపలింట్ల కూచోపెట్టి పెద్దమనుషులు సంతకాలు పెడతమంటే నడువది.

సంతకాల కాగితం ఆ బల్ల మీద ఉన్నది. కలం తెచ్చుకోనోళ్లకు కలం కూడా ఉన్నది. నీళ్ల లెక్కల మీద ఎవరికన్న అడగాల్సింది ఉంటే అడగండ్రి.